పర్లాకిమిడి హాల్లో సినిమాలు, నాటకాలు: ప్రొజెక్టరు కంటే ముందు మాట వినపడాలి

మీరు అడిగింది ఇదీ: ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మీ సమాజానికి 180 కుర్చీలు పట్టే హాలు దొరికింది. ఆగస్టు నుంచి అక్టోబరు లోపు పాత తెలుగు సినిమాలు, రికార్డు చేసిన రంగస్థల నాటకాలు తెర మీద వేయాలనుకుంటున్నారు. వీలైతే శ్రీకాకుళం వైపు నుంచి ఒక పద్యనాటక బృందాన్ని కూడా పిలుస్తారట. ఒకే సరంజామా మూడింటికీ సరిపోతుందా, ఎలాంటి ప్రొజెక్టరు కావాలి, అనుమతుల సంగతేమిటి అన్నవి మీ ప్రశ్నలు.

సరిపోతుందండీ. అయితే ప్రొజెక్టరు గురించి తర్వాత ఆలోచించండి. ఉన్న డబ్బులో మొదటి రూపాయి మాట స్పష్టంగా వినపడడానికి పెట్టండి, రెండోది హాలు చీకటి చేయడానికి, మూడోది ప్రొజెక్టరుకు. ఇంకో మాట కూడా ముందే చెప్తాను. సినిమా, ప్రత్యక్ష నాటకం ఒకే సాయంత్రం పెట్టకండి. తెర విప్పి మైకులు బిగించి లైట్లు సరిచేయడానికి నాలుగు గంటలకు తక్కువ పట్టదు.

మాటకు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, మీ దగ్గర ఇంట్లో తెలుగు మాట్లాడుకునే పిల్లల్లో చాలామంది చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. తెలుగు వింటే అర్థమవుతుంది, అక్షరం మాత్రం చదవలేరు. కాబట్టి తెర కింద తెలుగు సబ్‌టైటిల్ వేసినా వాళ్ళకు ఉపయోగం లేదు. విజయనగరంలో ఒక పద్యపాదం చెదిరిపోయినా ముందు వరసలో పెద్దాయన తనే పూరించుకుంటాడు. మీ హాల్లో వెనక కూర్చున్న పదో తరగతి పిల్లకు ఆ వీలు లేదు. ఆమెకు తెలుగు చెవి నుంచే రావాలి. మాట్లాడే తెలుగు కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది మీ ఊళ్ళోనే కాబట్టి ఈ సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ముందు హాలు సంగతి. స్టేజి మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. ఆ శబ్దం ఆగిపోవడానికి రెండు సెకన్లు పడుతుంటే ఎంత ఖరీదైన స్పీకర్లు పెట్టినా మాటలు ఒకదానిమీద ఒకటి పడి గోలగా వినపడతాయి. సంభాషణ స్పష్టంగా వినాలంటే అది సెకను దగ్గరకు దిగాలి. టైల్స్ నేల, సున్నం గోడలు, గాజు కిటికీలు ఉన్న హాళ్ళన్నిటిలోనూ ఇదే జబ్బు. మందు ఖరీదైనది కాదు. వెనక గోడకు, రెండు పక్క గోడల్లో హాలు వెనక వైపు సగానికి మందపాటి పరదాలు కట్టండి. గోడకు అంటించకుండా నాలుగైదు అంగుళాలు ఎడంగా, గోడ వెడల్పుకు రెండింతల గుడ్డ మడతలు పడేలా వేలాడదీయాలి. బిగించి కట్టిన పల్చటి గుడ్డ చూడడానికే తప్ప శబ్దాన్ని తాగదు. మధ్య దారిలో కొబ్బరి పీచు చాపలు పరిస్తే కుర్చీలు ఈడ్చే చప్పుడు కూడా తగ్గుతుంది. నిండు హాల్లో మనుషులే శబ్దాన్ని పీల్చుకుంటారు కాబట్టి ఖాళీ హాల్లో బాగా వినపడితే ఆట రోజు ఇంకా బాగుంటుంది. ఈ పరదాలే కిటికీల వెలుగును కూడా ఆపుతాయి, ఒక ఖర్చుతో రెండు పనులు.

ఫ్యాన్ల గురించి ఎవరూ ముందు ఆలోచించరు. ఆగస్టు ఉక్కలో ఫ్యాన్లు ఆపలేం. కానీ స్టేజి మీదున్న సీలింగ్ ఫ్యాను మైకుల్లోకి గాలి కొట్టి బుస్సుమనిపిస్తుంది. ప్రొజెక్టరు వెలుగు దారిలో ఫ్యాను రెక్కలుంటే బొమ్మ అంతా టకటక మినుకుతుంది. స్టేజి మీద ఫ్యాన్లు ఆపేసి నటులకు వింగ్స్‌లో టేబుల్ ఫ్యాన్లు పెట్టండి. వెలుగు దారిలో ఉన్నవాటిని ఆపి గోడ ఫ్యాన్లతో సర్దుకోండి.

స్పీకర్లు రెండు చాలు. స్టేజికి చెరో పక్కన, అంచుకంటే రెండు మూడు అడుగులు ప్రేక్షకుల వైపు ముందుకు, కూర్చున్నవాళ్ళ తలలకు పైన ఉండాలి. హాలు 60 అడుగుల పొడవుంటే సగం దూరంలో రెండు చిన్న స్పీకర్లు కలపండి, కానీ వాటికి ఆలస్యం పెట్టకపోతే మాట రెండుసార్లు వినపడుతుంది. శబ్దం అడుగుకు సుమారు 0.9 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 30 అడుగుల దూరానికి 27, దానికి ఇంకో పది కలిపి 37 మిల్లీసెకన్లు పెడితే శబ్దం స్టేజి నుంచే వస్తున్నట్టుంటుంది. మైకుల ధ్వనిని కలిపే మిక్సరు డిజిటల్‌దైతే ఇది లోపలే ఉంటుంది. మైక్‌సెట్ అద్దెకు మాట్లాడేటప్పుడు "డిలే ఉందా?" అని ఒక్క మాట అడగండి.

ఇక సినిమా. పాటలు బ్రహ్మాండంగా వినపడి మాటలు మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంటే తప్పు స్పీకర్లది కాదు. ఒక్కో స్పీకరుకు విడి చానెల్ ఉండే 5.1 ధ్వనిలో మాటలు మధ్య చానెల్లో ఉంటాయి. మీ ల్యాప్‌టాప్ ఎడమ, కుడి చానెళ్ళు మాత్రమే పంపి మధ్యదాన్ని వదిలేస్తే సంగీతం మిగిలి సంభాషణ పోతుంది. ల్యాప్‌టాప్ సౌండ్ సెట్టింగుల్లో స్పీకర్లను స్టీరియో అని పెట్టండి, ప్లేయర్‌లో కూడా స్టీరియోకు మార్చండి, అప్పుడు మధ్య చానెల్ రెండు వైపులకూ కలుస్తుంది. బ్లూటూత్ స్పీకరు జోలికి అసలు పోవద్దు. పెదాలు కదిలాక మాట వస్తుంది. తీగతో కలిపినా తేడా ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో జె, కె మీటలతో ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్ల చొప్పున సరిచేసుకోవచ్చు.

తెర 12 అడుగుల వెడల్పు, 6.75 అడుగుల ఎత్తు చాలు. చివరి వరస 40 అడుగుల్లో, మొదటి వరస 12 అడుగులకు తగ్గకుండా ఉండాలి. మీది చదును నేల కాబట్టి తెర అడుగు భాగం నేలనుంచి అయిదు అడుగుల పైన ఉంచండి, లేకపోతే ఒడియా మిత్రుల కోసం వేసిన ఇంగ్లీషు సబ్‌టైటిల్ ముందువాళ్ళ తలల వెనక దాక్కుంటుంది. కుర్చీలు కూడా వరసకు వరస అర కుర్చీ జరిపి వేయిస్తే ఇద్దరి తలల మధ్యనుంచి చూపు వెళ్తుంది. తెరగా పల్చటి తెల్ల గుడ్డ కడితే వెలుగు సగం వెనక్కి పోతుంది. మెరుపు లేని తెల్లటి తెర, అంచుల్లో రింగులున్నది, పైపు ఫ్రేముకు లాగి కట్టండి. చుట్టూ నల్ల గుడ్డ వేస్తే అదే ప్రొజెక్టరులో బొమ్మ ఇంకా నిండుగా కనపడుతుంది.

ప్రొజెక్టరు లెక్క తేలిక. థియేటర్లలో తెర వెలుగుకు ప్రమాణం 14 ఫుట్‌లాంబర్టులు. మీ తెర 81 చదరపు అడుగులు. రెండూ గుణిస్తే సుమారు 1,130 ల్యూమెన్ల వెలుగు తెరమీద పడాలి. పెట్టె మీద రాసిన అంకె అతి ప్రకాశవంతమైన మోడ్‌లోది, రంగులు సహజంగా ఉండే మోడ్‌కు మారితే దాదాపు సగమవుతుంది, ల్యాంపు పాతబడితే ఇంకా తగ్గుతుంది. అందుకని 3,500 నుంచి 4,000 ఏఎన్‌ఎస్‌ఐ (ప్రమాణం ప్రకారం కొలిచిన) ల్యూమెన్లది తీసుకోండి. ఆ "ఏఎన్‌ఎస్‌ఐ" మాట లేకుండా వేలకు వేలు రాసే చవక ప్రొజెక్టర్లను నమ్మకండి. కిటికీలోంచి వెలుగు తెరమీద పడుతుంటే 6,000 ల్యూమెన్లు కూడా ఏం చేయలేవు, అందుకే చీకటిని ముందు చెప్పాను. త్రో రేషియో (దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 ఉన్న ప్రొజెక్టరును 12 అడుగుల తెరకు 18 అడుగుల దూరంలో పెట్టాలి. కొనే ముందు ఆ దూరంలో స్తంభమో నడిచే దారో ఉందేమో కొలుచుకోండి. ల్యాప్‌టాప్ దూరంగా ఉంటే మామూలు హెచ్‌డీఎంఐ తీగ 15 మీటర్లు దాటాక బొమ్మ పోతూ వస్తూ ఉంటుంది, ఆప్టికల్ రకం వాడండి. ల్యాంపు ప్రొజెక్టరైతే ఒక కేవీఏ యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి చల్లబడకుండా ఆగితే ల్యాంపు ఆయుష్షు తగ్గిపోతుంది.

పాత సినిమాలకు ఇంకో జాగ్రత్త ఉంది. స్కోప్ (వెడల్పాటి బొమ్మ) రాకముందు తీసినవి దాదాపు చదరంగా ఉంటాయి, వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. మీ తెర ఎత్తుకు అవి తొమ్మిదింబావు అడుగుల వెడల్పే వస్తాయి, రెండు పక్కలా నల్లగా మిగులుతుంది. ఎవరో ఒకరు తప్పకుండా "తెర నిండా లాగండి" అంటారు. లాగితే మనుషులు పొట్టిగా లావుగా అయిపోతారు. దయచేసి లాగకండి.

ప్రత్యక్ష నాటకానికి మైకుల లెక్క వేరు. మైకుల సంఖ్య పెంచితే బాగా వినపడుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత (స్పీకరు శబ్దం తిరిగి మైకులో పడి కీచుమనడం) రాకుండా పెంచగలిగే ధ్వని 3 డెసిబెల్స్ తగ్గుతుంది. నటుడు మైకుకు రెట్టింపు దూరం జరిగితే ఇంకో 6 పోతాయి. 24 అడుగుల స్టేజికి అంచున ఎనిమిదేసి అడుగుల దూరంలో మూడు ఫుట్ మైకులు, కింద స్పాంజి ముక్క వేసి పెట్టండి, లేకపోతే చెక్క స్టేజి మీద అడుగుల చప్పుడు, గజ్జెల చప్పుడు ముందు వినపడుతుంది. మిక్సరులో 120 హెర్ట్జ్ కంటే కింది బొంగురు శబ్దాన్ని కోసేయండి. ప్రధాన పాత్రలకు నాలుగు కాలర్ మైకులు ఉంటే మేలు. కానీ పౌరాణికంలో వాటిని ఛాతీ మీద పెట్టకండి, హారాలు, భుజకీర్తులు తగిలి టిక్కుటిక్కుమంటాయి. విగ్గు అంచు కింద, నుదుటి పైభాగంలో టేపుతో అంటించి కిరీటం దానికి తగలకుండా పెట్టాలి. ఇది మేకప్ అయ్యాక చేసే పని కాదు, మేకప్ మొదలుకాకముందే మేకప్ ఆయనకు చెప్పాలి. బ్యాటరీలు ప్రతి ఆటకూ కొత్తవి.

మిక్సరు దగ్గర కూర్చునేవాడికి తెలుగు రావాలి. ఇది నేను గట్టిగా పట్టుబట్టే విషయం. ఎవరి వంతు వస్తోందో తెలిస్తేనే ఆ మైకు తెరిచి మిగతావి దించగలడు. బరంపురం నుంచి మంచి మైక్‌సెట్ తెప్పించినా ఆపరేటరుకు నాటకం తెలియకపోతే స్క్రిప్టు పట్టుకుని ఒకరు పక్కన కూర్చోండి. పద్యం ఎత్తుకునేటప్పుడు గొంతు ఒక్కసారి పెరుగుతుంది, రాగం చివర సన్నబడుతుంది. 3:1 కంప్రెషన్ (గొంతు హెచ్చుతగ్గులను తగ్గించే అమరిక) కొద్దిగా పెడితే చివరి అక్షరాలు పోవు. హార్మనీకి ఒక మైకు, రీడ్ల వైపు అడుగు దూరంలో, బెల్లోస్ గాలి తగలకుండా ఉంచండి. హార్మనీ శబ్దం పద్యాన్ని మింగకూడదు. హార్మనిస్టులు తమకు వినపడలేదని ఇంకా పెంచమంటారు. హాల్లోకి పెంచవద్దు, వారి పక్కన చిన్న మానిటరు స్పీకరు పెట్టండి, గొడవ తీరిపోతుంది. కూత సరిచేయడానికి మెల్లగా ధ్వని పెంచుతూ పోయి, మొదట కూసిన స్వరస్థాయిని ఈక్వలైజరులో 3 డెసిబెల్స్ తగ్గించండి. మూడు నాలుగు సార్లు చేసి ఆపేయండి. అంతకంటే కోస్తే గొంతులో జీవం పోతుంది.

కరెంటు: పాత వెయ్యి వాట్ల హాలోజన్ లైటు ఒక్కోటి 4.3 ఆంపియర్లు లాగుతుంది. ఆరు వెలిగిస్తే 26, హాలు వైరింగు తట్టుకోదు. 150 వాట్ల ఎల్‌ఈడీ పార్‌లైట్లు (గుండ్రటి స్టేజి లైట్లు) 12 వాడితే ఎనిమిది ఆంపియర్లలో పని అయిపోతుంది. అయితే పూర్తి తెల్లటివి వద్దు, పౌరాణికం మేకప్ బూడిద రంగులోకి మారిపోతుంది, వెచ్చటి తెలుపు కావాలి. సౌండు, ప్రొజెక్టరు, ల్యాప్‌టాప్ ఒక లైను మీద, ఒకే ఎర్తింగుతో ఉండాలి. లైట్లు వేరే లైను మీద. ల్యాప్‌టాప్ చార్జరు తీసేస్తే గుయ్‌మనే శబ్దం ఆగిందంటే ఎర్తింగు గొడవే, మధ్యలో డీఐ బాక్సు (ఆ గుయ్‌ను ఆపే చిన్న పెట్టె) పెట్టండి.

బృందాన్ని మాట్లాడేటప్పుడు ముందు హార్మనిస్టు తేదీ అడగండి. మంచి హార్మనిస్టు ఒక్కరే పలు బృందాలకు వాయిస్తారు కాబట్టి ఆయన ఖాళీని బట్టే మిగతావాళ్ళ తేదీ కుదురుతుంది. మీ ఊరు పాతపట్నం దాటగానే కాబట్టి రోడ్డు మీద రావడం తేలిక, అయినా పగలు 11 గంటలకు దిగేలా చూడండి. భోజనం, సెట్టింగు, మూడు గంటలకు మైకు పరీక్ష, ఆరింటికి ఆట మొదలు. సుమారు 12 నుంచి 15 మంది మనుషులకు రాత్రి భోజనం, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ విడిగా గ్రీన్‌రూమ్, నీళ్ళు. ఈ మర్యాద లోటు రాకూడదు.

రికార్డు చేసిన నాటకాలు మూడింటిలో తేలికనుకుంటారు, ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. హాలు వెనక నిలబెట్టిన కెమెరా మైకుతో రికార్డు చేసినది ఫోన్లో బాగానే ఉంటుంది, పెద్ద హాల్లో వేస్తే రెండు హాళ్ళ ప్రతిధ్వని కలిసి ఒక్క మాట అర్థం కాదు. ఒప్పుకునే ముందు మీ హాల్లో, మీ స్పీకర్లలో ఐదు నిమిషాలు వేసి వినండి. లండన్ నేషనల్ థియేటర్ 2009 నుంచి నాటకాలను సినిమా హాళ్ళకు పంపుతోంది, ముంబయిలో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం అలాంటివి చూపిస్తుంది. ఆ స్థాయివి సినిమా హాళ్ళకు పంపే డీసీపీ అనే డిజిటల్ పద్ధతిలో వస్తాయి. తాళం వేసినదైతే ఫలానా సర్వరులో, ఫలానా రోజుల్లోనే తెరుచుకుంటుంది, మీ ల్యాప్‌టాప్‌లో ఆడదు. ఎవరితో మాట్లాడినా "తాళం లేని ఫైలు గానీ బ్లూరే గానీ ఇస్తారా?" అని ముందే అడగండి. బ్లూరేలకు మన దేశం సి ప్రాంతం, బ్రిటన్ బి. తేడా ఉంటే ప్లేయరు తీసుకోదు. విదేశీ రికార్డింగులు తరచు సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి, ల్యాప్‌టాప్‌ను 60 హెర్ట్జ్‌లో వదిలేస్తే నడక కుదుపుగా కనపడుతుంది, 50కి మార్చండి. పరభాషా నాటకమైతే మొదట ఎవరైనా తెలుగులో పది నిమిషాలు కథ, పాత్రల పేర్లు చెప్పాలి.

అంతకంటే నా సలహా: మీ హాల్లో ఆడే పద్యనాటకాన్నే బృందం రాతపూర్వక అంగీకారంతో రికార్డు చేయించండి. రెండు కెమెరాలు, ధ్వని నేరుగా మిక్సరు నుంచి, చప్పట్ల కోసం హాల్లో ఒక మైకు. గుణుపురం, రాయగడ, జయపురం తెలుగువాళ్ళకు దాన్నే చూపించవచ్చు. ఆ అంగీకార పత్రంలో ఎక్కడెక్కడ, ఎన్నిసార్లు, యూట్యూబులో పెడతారా లేదా, నటులకు ఎంత అన్నది స్పష్టంగా రాయండి.

అనుమతులు. బహిరంగంగా వేసే సినిమాకు సెన్సారు సర్టిఫికెట్ ఉండాలి, సర్టిఫికెట్ ఏ వర్గమో పోస్టరు మీద వేయండి. 2023 సవరణ తర్వాత పిల్లలు పెద్దల మార్గదర్శనంతో చూడాల్సిన యూఏ వర్గంలో 7, 13, 16 ఏళ్ళ విభాగాలు వచ్చాయి. ఓటీటీ ఖాతా, ఇంటి డీవీడీ బహిరంగ ప్రదర్శనకు చెల్లవు, టికెట్ లేకపోయినా సరే. హక్కుదారును నాన్ థియేట్రికల్ (సినిమా హాలు కాని చోట వేసే) ప్రదర్శన హక్కు అని పేరుపెట్టి అడగండి, శాటిలైట్ (టీవీలో వేసే) హక్కు ఉన్నవాళ్ళకు ఇది ఉండనక్కర్లేదు. మన దేశంలో సినిమా కాపీరైటు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ళు. 1960లో వచ్చిన సినిమాకు ఆ గడువు 2020తో ముగిసింది, కానీ ఎవరో కొత్తగా చేసిన సబ్‌టైటిల్స్ మీద వాళ్ళ హక్కు వాళ్ళదే. నాటక రచనకు రచయిత జీవితకాలం, తర్వాత 60 ఏళ్ళు. ఔత్సాహిక సంస్థ టికెట్ లేకుండా నాటకం ఆడితే కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, అది సినిమాకు వర్తించదు. నాటకం టికెట్ 500 రూపాయలు మించకపోతే జీఎస్టీ లేదు, ఇదీ సినిమాకు వర్తించదు. సినిమాలు క్రమంగా వేస్తారు కాబట్టి హాలుకు లైసెన్సు కావాలా అన్నది కలెక్టరాఫీసులో రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గరుంచుకోండి. మైకుకు పోలీసు అనుమతి తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు నిషేధం మూసి ఉన్న ఆడిటోరియం లోపలి ధ్వనికి వర్తించదు, కానీ జనం పట్టలేదని వాకిట్లో ఒక స్పీకరు పెట్టారంటే వర్తిస్తుంది.

తేదీల విషయానికొస్తే, ఆగస్టు మొదట్లో ఒక సినిమాతో మొదలుపెట్టండి, హాలు లోపాలన్నీ అందులో బయటపడతాయి. ఆగస్టు 29 గిడుగువారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం, ఆ రోజు రికార్డు నాటకం బాగుంటుంది. ప్రత్యక్ష నాటకం వినాయక చవితి హడావిడి తగ్గాక భాద్రపద బహుళ పక్షంలో పెట్టండి. ఆ పదిహేను రోజులు పెళ్ళి ముహూర్తాలు ఉండవు, జనరేటరు, టెంట్‌హౌస్ సామాను, మైక్‌సెట్ అన్నీ ఖాళీగా ఉంటాయి, అద్దె బేరమూ కుదురుతుంది. దసరాకు అవేవీ దొరకవు. అక్టోబరులో బయటి బృందాన్ని పిలవవద్దు. 2018లో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను దెబ్బతీసింది అక్టోబరు 11నే. ఆ నెలకు ఒక సినిమా, అదీ వాయిదా తేదీతో సహా ప్రకటించండి. పోస్టరు తెలుగులోనూ ఒడియా లిపిలోనూ వేయండి. పేరు, రోజు, గంట మాత్రం ఒడియా లిపిలో పెద్దగా ఉంటే మీ పిల్లలు కూడా చదివి ఇంట్లో చెప్తారు.

మొదటి ఆటకు ముందురోజు సాయంత్రం ఫ్యాన్లన్నీ తిప్పి, ఒడియా మీడియంలో చదివే పన్నెండేళ్ళ పిల్లను చివరి వరసలో మూలకు కూర్చోబెట్టండి. సినిమాలో మాటలున్న చోటు రెండు నిమిషాలు వేసి ఆపి, ఇప్పుడేమన్నారో చెప్పమ్మా అని అడగండి. ఆమె తడుముకుంటే పరదాలు, స్పీకర్ల కోణం మళ్ళీ చూసుకోండి. టికెట్లు ఆ తర్వాతే అమ్మండి.